తలుపు మీది పేరు

డ్రమ్‌కీల్, లీట్రిమ్ జిల్లా
సెప్టెంబరు చివరి సోమవారం

చెల్లెమ్మా నోరీన్,

నీ ఉత్తరం అందింది. దాంతోపాటు పంపిన మేకపాల చీజ్ కూడా అందింది. చీజ్ బాగుంది. ఉత్తరమే బాగాలేదు.

ఫోన్ చేయలేదని నొచ్చుకోకు. మన ఫోన్ ఎక్కడుందో నీకు తెలుసు. నాన్న పెట్టిన చోటే, పబ్బు కౌంటర్ చివర. నువ్వు ఫోన్‌కి దొరికేది శనివారం సాయంత్రమే, అప్పుడు అక్కడ నిలబడి ఏం మాట్లాడినా మ్యాటీ వింటాడు. మ్యాటీ విన్నాడంటే పోస్టాఫీసు కన్సెప్టా విన్నట్టే. ఆవిడ చెవిన పడ్డాక ఇక ఫాదర్ ఆదివారం చర్చిలో చదివి వినిపించడమే తక్కువ. అందుకని కాగితం మీదే చెబుతున్నాను.

నీ మాట సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడు. కార్క్ తీరాన నీ చీజ్ కొట్టుకి జనం వస్తారు, రుచి చూస్తారు, ఆహా ఓహో అంటారు. క్రిస్మస్‌కి చుట్టాలకి పంపడానికి బుట్ట కట్టమంటారు. చీజులు, పొగబెట్టిన చేప, ఓట్ బిస్కట్లు అన్నీ ఎంచుకుని, చివర్లో ఒక సీసా కూడా పెట్టమంటారు. నీ దగ్గర లేదంటావు. వాళ్ళు పక్కవీధి సూపర్‌మార్కెట్‌కి పోయి సీసాతోపాటు చీజ్ కూడా అక్కడే కొనుక్కుంటారు. రెండు క్రిస్మస్‌లు ఇలాగే గడిచాయి, మూడోది కూడా ఇలాగే పోతే కొట్టుకి తాళం వేయాల్సిందే అంటున్నావు. వైన్ ఒక్కటే అయితే పెద్ద గొడవ లేదట. కానీ మీ చుట్టుపక్కల రైతులు చేసేది ఆపిల్ సైడరూ, బీరూ, విస్కీ. అవి అమ్మాలంటే ఈ దేశంలో కొత్త లైసెన్సు పుట్టదు. ఎక్కడో ఒక పాత లైసెన్సు చావాలి. జడ్జిగారి ముందు దాన్ని ఆర్పేస్తేనే ఇంకోటి వెలుగుతుంది. ఆ చచ్చేదేదో నాదైతే బాగుంటుందని నా తోడబుట్టినదే రాసింది.

బజారు ధర ఇస్తానన్నావు. డబ్బు మాట ఎత్తకు. దళారులు రెండేళ్ళుగా నాకు రాస్తూనే ఉన్నారు, ఆ ఉత్తరాలతో పొయ్యి రాజేసుకుంటున్నాను. నీ ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు, అదే తేడా.

నా జవాబు, కుదరదు. పబ్బు శనివారం ఒక్కరోజే తెరుస్తున్నాననీ, ఆ ఒక్కరోజూ వచ్చేది నలుగురేననీ నువ్వు రాశావు. నిజమే. కుర్రాళ్ళంతా డబ్లిన్‌కో ఆస్ట్రేలియాకో పోయారు. మిగిలినవాళ్ళు మలుపు దగ్గర పోలీసులు ఆపి ఊదమంటారని ఇంట్లోనే తాగుతున్నారు. కానీ ఈ ఊళ్ళో బడి పోయింది. పోస్టాఫీసు పోయి కన్సెప్టా పోస్టాఫీసు లేని పోస్ట్‌మిస్ట్రెస్ అయింది. నేనూ తలుపు మూస్తే ఆ నలుగురూ ఎక్కడికి పోతారు? మ్యాటీ పెళ్ళాం పోయాక వాడు వారంలో ఇంకో మనిషి మొహం చూసేది ఆ శనివారమే. వాళ్ళ కోసం పొయ్యి వెలిగిస్తున్నాను, వాళ్ళ కోసం పీపా తెప్పిస్తున్నాను, అందులో సగం పారబోస్తున్నాను. ఎవరూ నన్ను చెయ్యమనలేదు, నిజమే. చేస్తున్నాను.

ఇంకోటి కూడా ఉంది. ఇది చదివి నవ్వకు. లైసెన్సుదారుడి పేరు తలుపు మీద ఉండాలి కదా. నాన్న నుంచి నా పేర మారాక ఆ బోర్డు మీద పెయింటర్ చేత 'కోల్మన్ మెక్‌టర్నన్' అని రాయించాను. నాకు పెళ్ళాం లేదు, పిల్లలు లేరు. పుస్తకాల్లో పేరు పడే పనులేమీ చెయ్యలేదు. ఈ భూమ్మీద నా పేరు రాసి ఉన్నది ఆ ఒక్క చెక్క మీదే, నోరీన్. ఆ తర్వాత ఇక సమాధి రాయి మీదే రాస్తారు. లైసెన్సు పోతే బోర్డు దింపాలి. బోర్డు దింపాక ఈ ఇంట్లో ఉన్నవాడు ఎవడు? ఉత్త కౌంటర్ వెనక నిలబడిన ముసలి బ్రహ్మచారి.

అందులోనూ మందు ముట్టని బ్రహ్మచారి. పన్నెండో ఏట చర్చిలో ఒట్టేసి కోటుకి పెట్టుకున్న పిన్ను ఇంకా తీయలేదు. నా చేత్తో పోసింది ఈ జిల్లాలో సగం మంది తాగారు, దాని రుచేమిటో మాత్రం నాకు తెలియదు. ఆ పని నేను కోరుకున్నది కాదు. కానీ ఇన్నేళ్ళు చేశాక అదే నేను అయిపోయాను. నీకు కొట్టు ఎంతో నాకు ఆ కాగితం అంత. కోపం తెచ్చుకోకు.

చీజ్ ఇంకా సగం ఉంది. పొదుపుగా తింటున్నాను.

నీ అన్న, ఇప్పటికైతే లైసెన్సుదారుడు,
కోల్మన్

*

డ్రమ్‌కీల్
అక్టోబరు, వాన ఆగని ఆదివారం

నోరీన్,

"సరే అన్నయ్యా, ఇంకెక్కడైనా వెతుక్కుంటాను" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. నాలుగు తిట్టి ఉంటే హాయిగా ఉండేది. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. కోపం వస్తే నోరు కట్టేసుకుని ఎదుటివాణ్ణి చంపుకు తింటావు.

నిన్న శనివారం జరిగింది చెప్పాలి. చెప్పుకోడానికి ఇంకెవరూ లేరు, ఎందుకంటే చెప్పుకోవాల్సినవాళ్ళే ఆ పని చేసినవాళ్ళు.

నలుగురూ వచ్చారు. మ్యాటీ కిటికీ దగ్గర, కన్సెప్టా పొయ్యి దగ్గర, క్విన్ అన్నదమ్ములిద్దరూ ఎప్పట్లా తలుపు పక్క బల్ల మీద, పలకకుండా. నేను గ్లాసు తుడుస్తూ, ఏమీ ఎరగనట్టు మొదలెట్టాను. "మా నోరీన్ లైసెన్సు అడిగింది. ఇవ్వనన్నాను" అన్నాను. నిజం చెబుతున్నాను, మెచ్చుకుంటారనుకున్నాను. మా కోసం సొంత చెల్లెల్నే కాదన్నావా కోల్మన్ అని మ్యాటీ కళ్ళు తుడుచుకుంటాడేమో అనుకున్నాను.

క్విన్‌లు మాట్లాడకపోవడం మామూలే. మ్యాటీ మాట్లాడకపోవడం ఈ ఊళ్ళో ఎప్పుడూ జరగలేదు.

"ఎందుకివ్వలేదు?" అంది కన్సెప్టా.

"అదేం ప్రశ్న? మీరెక్కడికి పోతారు?"

ఆవిడ మ్యాటీ వైపు చూసింది. మ్యాటీ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చావు కబురు చెప్పడానికి వచ్చినవాడిలా ఉన్నాడు.

"చెప్పవయ్యా" అంది కన్సెప్టా.

"నువ్వే చెప్పు. నీకు అలవాటు."

"సరే. కోల్మన్, వీడికి వేసవిలో గుండె మాత్రలు రాశారు. మందు చుక్క ముట్టొద్దన్నారు. అప్పటి నుంచీ వీడు ఒక్క గుక్క తాగలేదు."

"ప్రతి శనివారం రెండు గ్లాసులు తీసుకుంటున్నాడుగా" అన్నాను.

"తీసుకుంటున్నాడు. తాగట్లేదు."

కిటికీ దగ్గర కుండీలో మన అమ్మ నాటిన జెరేనియం పూలమొక్క నీకు గుర్తుందా? ఆగస్టులో చచ్చిపోయింది. తెగులనుకున్నాను. మందు కూడా కొట్టాను. నేను కుండీ వైపు చూడటం మ్యాటీ చూశాడు.

"కొంచెం నురగ ఎక్కువైంది పాపం దానికి" అన్నాడు మెల్లగా.

"మరి ఎందుకొస్తున్నావురా?" అన్నాను.

దానికీ కన్సెప్టానే జవాబు చెప్పింది. "నీ కోసం నాయనా. మేం రాకపోతే శనివారం నువ్వొక్కడివే ఆ కౌంటర్ వెనక నిలబడి గ్లాసులు తుడుచుకుంటూ ఉంటావని. క్విన్‌లకి ఇక్కడికి రావాలంటే గొడ్లను పక్కింటివాడికి అప్పజెప్పాలి. నాకు మోకాళ్ళు. నీ మొహం చూసి మానలేక వస్తున్నాం. ఎవరు ముందు మానేస్తారా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం."

"అంతే" అన్నాడు పెద్ద క్విన్. ఈ ఏడాదికి అదే అతని మొదటి మాట అనుకుంటాను.

ఎంత వెర్రివాణ్ణి నోరీన్. వాళ్ళ కోసమని నేను పొయ్యి వెలిగించి కూర్చుంటే, నా కోసమని వాళ్ళు వానలో పడి వచ్చి తాగని మందుకి డబ్బు కడుతున్నారు. ఇన్నాళ్ళూ ఒకళ్ళనొకళ్ళం ఇలా మర్యాదగా మోసం చేసుకున్నాం. నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. వాళ్ళు వెళ్ళాక కుండీ బయట పారేసి వచ్చి చాలాసేపు నవ్వాను. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

ఈ ఉదయం చర్చి నుంచి వస్తూ ఇంకో సంగతి ఆలోచించాను. ఇన్నాళ్ళూ మనిద్దరం ఎత్తని మాట. నాన్న జబ్బు పడ్డ ఏడాది పబ్బు నడిపింది నువ్వు. పీపా మార్చడం, తాగినవాణ్ణి నొప్పించకుండా ఇంటికి పంపడం, ఏ సరుకు ఎంత తెప్పించాలో చూడటం, అన్నీ నీకే వచ్చు. నీకు పందొమ్మిదేళ్ళు. వకీలు వచ్చి లైసెన్సు నా పేర మార్పించిన రోజు నువ్వు లోపల గ్లాసులు కడుగుతున్నావు. మగపిల్లాడు కాబట్టి కోల్మన్‌కి అన్నాడు నాన్న. నిన్నెవరూ అడగలేదు, నన్నూ అడగలేదు. నువ్వు గ్లాసులన్నీ కడిగి, తుడిచి, వరసగా పెట్టి, మర్నాడు కార్క్ బస్సెక్కావు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. మొన్న లైసెన్సు కావాలని రాసిన ఉత్తరంలో కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను కాదనలేకపోయేవాణ్ణని నీకు తెలుసు. అందుకే ఎత్తలేదు, అవునా?

నీ వకీలుకి చెప్పు. కాగితాలు పంపమను. సంతకం పెడతాను. బజారు ధర కూడా తీసుకుంటాను, ఉచితంగా ఇచ్చి నిన్ను చిన్నబుచ్చను.

భయంగా ఉంది. అది కూడా రాస్తున్నాను, దాచుకోవడం ఎందుకు. శనివారాలు ఏం చెయ్యాలో నాకు తెలియదు.

నీ అన్న,
కోల్మన్

*

డ్రమ్‌కీల్
డిసెంబరు, క్రిస్మస్ ముందు సోమవారం

నా బంగారు చెల్లీ,

నువ్వు కోర్టులో నా చెయ్యి పట్టుకున్నప్పుడు నీ చెయ్యి చల్లగా ఉంది. బహుశా నాదీ అంతే. రానక్కర్లేదని నీ వకీలు చెప్పినా ఎందుకొచ్చానో అప్పుడు నీకు చెప్పలేదు. మన ఇంట్లో ఎవరు పోతున్నా పక్కన ఒకరుండటం అలవాటు. దీని పక్కన కూడా ఎవరో ఒకరుండాలనిపించింది.

అసలు శవానికి చేసినట్టు ఆ లైసెన్సుకి జాగారం కూడా చేశాం. నీకు చెప్తే వెక్కిరిస్తావని దాచాను. కోర్టుకి ముందు శనివారం, మధ్యాహ్నం పూట. చీకటి పడితే కన్సెప్టాకి కారు నడపడం కష్టం కదా. లైసెన్సు కాగితాన్ని కౌంటర్ మీద పెట్టి, చెరో పక్క కొవ్వొత్తి వెలిగించింది ఆవిడ. ఆనవాయితీ ప్రకారం గడియారం ఆపింది. ప్రాణం పోవడానికి దారుండాలని కిటికీ తెరిచింది, చలికి మేమంతా గడగడ వణికాం. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి కదా. మ్యాటీ లేచి గొంతు సవరించుకుని, "చాలా మంచి మనిషి. ఎవర్నీ తొందరపెట్టి ఇంటికి పంపలేదు" అన్నాడు. చిన్న క్విన్, "మా నాన్న పెళ్ళికి ఒప్పుకున్నది ఇక్కడే" అన్నాడు. అది మాకెవరికీ తెలియదు. మిగిలిన సీసాలు క్విన్‌లు తాగారు, ఆ పూట వాళ్ళని నేనే ఇంటి దగ్గర దింపాను.

కోర్టులో ఎంతసేపు పట్టిందో నువ్వూ చూశావు. ఒక గ్లాసు నల్ల బీరు సగం పోసి, నురగ దిగేదాకా ఆగి, మిగతాది పోసేంత సేపు కూడా పట్టలేదు. "ఒప్పుకుంటున్నారా?" అని జడ్జిగారు అడిగితే కోటు మీది పిన్ను సర్దుకుంటూ ఉండిపోయాను. ఆ పెద్దమనిషి కళ్ళజోడు మీదుగా చూస్తూ తొందరపెట్టకుండా కూర్చున్నాడు. అవునన్నాను. అంతే, అయిపోయింది. నీ మొహంలోకి చూశాను. పందొమ్మిదేళ్ళ వయసులో బస్సెక్కిన మొహం కాదది. అది చాలు నాకు.

తర్వాతి మాట చెబుతాను. అందుకే ఈ ఉత్తరం.

ఇంటికొచ్చి బోర్డు దింపాను. నిచ్చెన మ్యాటీ పట్టుకున్నాడు. గోడ మీద బోర్డు ఉన్న చోట మాత్రం సున్నం తెల్లగా మిగిలిపోయింది. అది చూడలేక రెండ్రోజులు వెనక నుంచే తిరిగాను. శనివారం వచ్చింది. ముందు తలుపుకి గడియ పెట్టి ఉంది. పొయ్యి వెలిగించలేదు. మధ్యాహ్నం కాళ్ళు వాటంతట అవే కౌంటర్ వెనక్కి వెళ్ళి నిలబడ్డాయి. గుడ్డ తీసుకుని గ్లాసులు తుడుస్తున్నాను. కన్సెప్టా చెప్పిన బొమ్మే అది, అచ్చంగా అలాగే. జీవితంలో అంత ఒంటరిగా ఎప్పుడూ లేను నోరీన్. నీకు ఫోన్ చేసి అంతా వెనక్కి తీసుకుందామా అనుకున్నాను. చచ్చిన లైసెన్సు మళ్ళీ లేవదని తెలిసి కూడా అనుకున్నాను.

అప్పుడు తలుపు కొట్టిన చప్పుడు. ముందు తలుపు కాదు, వెనకది. వంటింటి తలుపు. ఆ తలుపు కొట్టినవాళ్ళు నాకు గుర్తున్నంతలో ఎవరూ లేరు. అందరూ ముందు నుంచే వచ్చేవాళ్ళు కదా, అది తెరిచే ఉండేది. తీశాను. నలుగురూ వానలో నిలబడి ఉన్నారు. మ్యాటీ టోపీ తల మీద లేదు, చేతుల్లో ఉంది, అందులో కోడిగుడ్లు. కన్సెప్టా గుడ్డలో చుట్టిన సోడా రొట్టె పట్టుకుంది, ఇంకా వేడిగా ఉంది. పెద్ద క్విన్ చేతిలో జామ్ సీసా, చిన్న క్విన్ చంకలో పొయ్యిలోకి ఎండిన పీట్ మట్టి గడ్డలు.

"ఇవన్నీ ఏమిటి?" అన్నాను.

"ఉత్త చేతులతో ఒకళ్ళింటికి ఎలా వస్తామయ్యా?" అంది కన్సెప్టా, అదేదో నాకు తెలియనట్టు.

"ఇన్నేళ్ళూ ఉత్త చేతులతోనే వచ్చారుగా."

"అప్పుడు పబ్బుకొచ్చాం. పక్కకి జరుగు, తడుస్తున్నాం."

మన ఊళ్ళో ఆ పద్ధతి నాకు తెలియక కాదు. కానీ అది మనకి ఎప్పుడూ జరగలేదు, గమనించావా? మన ఇంటికి చుట్టం చూపుగా ఎవరూ రాలేదు. రోజూ వచ్చేవాళ్ళే కదా అందరూ. డబ్బిచ్చి తాగి వెళ్ళేవాళ్ళు. అమ్మకి ఎవరూ ఒక గుడ్డు తెచ్చివ్వలేదు, ఒక రొట్టె ముక్క తేలేదు. ఆ టోపీ ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులా అందుకున్నాను. ఒక గుడ్డు జారి పగిలింది. మ్యాటీ, "ఫరవాలేదు, మా కోళ్ళు మళ్ళీ పెడతాయి" అన్నాడు.

టీ పెట్టాను. గ్లాసులు ఓ ఊరికి సరిపడా ఉన్నాయి, కప్పులు మాత్రం రెండే. విస్కీ గ్లాసుల్లో టీ పోశాను. అందరికీ పోసి అలవాటు కొద్దీ గుడ్డ భుజాన వేసుకుని నిలబడ్డాను. "కూర్చో కోల్మన్, ఇంటివాడు నిలబడితే మేమెలా తింటాం" అంది కన్సెప్టా. కూర్చున్నాను. నలుగురితో కలిసి ఒకే బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదటిసారి. ఎదురుగా చూస్తే మనుషుల మొహాలు వేరేలా ఉంటాయి. నేను ఎప్పుడూ వాళ్ళ నడినెత్తులే చూశాను. బోర్డుని వంటింటి గోడకి కప్పులు పెట్టే అరలా కొట్టేశాను, పేరు కిందవైపుకి వచ్చేట్టు. కొత్త కప్పులు కొన్నాక దాని మీద పెడతాను. టీ తాగేటప్పుడు తలెత్తితే నా పేరు కనబడుతుంది. అది నాకు చాలు, దారిన పోయేవాళ్ళు చదవక్కర్లేదు.

వెళ్ళబోతూ మ్యాటీ గుమ్మంలో ఆగాడు. "గురువారం మా ఇంటికి రా, పేకాడుకుందాం" అన్నాడు. సరేనన్నాను. ఈ ఊళ్ళో పుట్టి పెరిగాను, వాడి ఇంటి లోపల ఎలా ఉంటుందో నాకు తెలియదు. జనం ఒకరింటికొకరు పోయే వేళల్లో నేనెప్పుడూ కౌంటర్ వెనకే ఉన్నాను. నన్ను పిలవాలని ఎవరికీ తట్టలేదు, పిలిస్తే వెళ్ళాలని నాకూ తట్టలేదు.

అందుకని నీతో పని పడింది. కొట్టు బాగా నడుస్తోందని, బుట్టలు సాయంత్రానికి అయిపోతున్నాయని రాశావు. సంతోషం. తలుపు మీద 'నోరీన్ మెక్‌టర్నన్' అని రాయించావని కూడా రాశావు. మొగుడి ఇంటిపేరు కాకుండా మన ఇంటిపేరే పెట్టావంటే నాన్న ఏమనేవాడో. నేను మాత్రం ఆ ముక్క మూడుసార్లు చదువుకున్నాను.

ఇప్పుడు నాకో బుట్ట కట్టు. ఆ మేకపాల చీజ్ ఒక ముక్క, ఓట్ బిస్కట్లు, ఒక సైడర్ సీసా. మ్యాటీకి మందు నిషేధమని తెలుసు, సీసా వాడికి కాదు. గురువారం క్విన్‌లు కూడా వస్తారు, వాళ్ళకి. ఉచితంగా పంపావో వెనక్కి పంపేస్తాను. పూర్తి ధర వేసి అమ్ము. మన లైసెన్సు కిందే కదా నువ్వు అమ్మేది, జీవితమంతా దాని కింద అమ్మాను, ఒక్కసారైనా దాని కింద కొనుక్కోవాలని ఉంది. గురువారానికల్లా అందేలా చూడు. ఒకళ్ళింటికి వెళ్ళడం నాకిదే మొదటిసారి, ఉత్త చేతులతో వెళ్ళలేను కదా.

నీ అన్న,
కోల్మన్